వచ్చిపోయే లైటు

పాల్వంచ దాటి ములకలపల్లి రోడ్డెక్కాక, అడవిలో మొదటి మలుపు దగ్గర కారు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. ధన్‌సింగ్ దాన్ని చూశాడు. చూసి కూడా కాసేపు చూడనట్టే బండి నడిపాడు. ముందురోజు గాలివానకు కరెంటు తీగల మీద చెట్లు పడితే తెల్లారేదాకా స్తంభాల వెంట తిరిగాడు. ఇంటికొచ్చి ఇన్ని నీళ్లు పోసుకుని, భార్యను కారెక్కించుకుని భద్రాచలం దవాఖానాకు పోయాడు. ఆమెకు డయాలసిస్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని ఇప్పుడు తిరిగొస్తున్నాడు. ఇంకో ఆపద నెత్తిన పడితే మోసే ఓపిక అతనికి లేదు. మలుపు దాటి రోడ్డు తిన్నగా అయ్యేసరికి లైటు దానంతటదే ఆరిపోయింది. బతికించింది అనుకున్నాడు.

కాస్త దూరం పోయాక, ఎత్తు ఎక్కుతుంటే మళ్లీ వెలిగింది.

"ఏందది?" వెనక సీట్లోంచి హేమ్లి అడిగింది.

"ఏం లేదు. ఇంజన్ల నీళ్లు తక్కువైనట్టున్నయ్. నువ్వు పండుకో."

ధన్‌సింగ్ ములకలపల్లి సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్. హేమ్లికి చాలా ఏళ్లుగా షుగర్. పోయిన ఏడాది కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేశాయి. అప్పటి నుంచి రోజు విడిచి రోజు భద్రాచలం ప్రయాణం. మొదట్లో బస్సులో పోయేవాళ్లు. డయాలసిస్ అయి వచ్చేటప్పుడు ఆమెకు కళ్లు తిరిగేవి, గోదావరి వంతెన దాటకముందే వాంతి అయ్యేది. బస్సులో జనం చూసే చూపులకు కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చునేది. అది చూడలేక అతను పాల్వంచలో ఒక పంతులు దగ్గర పాత కారు కొన్నాడు. స్తంభాలెక్కడం తప్ప ఏమీ తెలియని మనిషి తల నెరిశాక స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు.

కారు కొన్న కొత్తలో ఆమె ముందు సీట్లో, అతని పక్కనే కూర్చునేది. ఎంత నీరసంగా ఉన్నా దారిపొడుగునా ఏదో ఒకటి మాట్లాడేది. ఎవరి చేలో పత్తి ఎట్లుందో, ఏ ఇంటికి కొత్త రేకులు వేశారో చెప్పేది. వానలు మొదలయ్యాక ఒకరోజు ఏమీ అనకుండా వెనక తలుపు తీసుకుని కూర్చుంది. ఏమైందని అడిగితే, కాళ్లు చాపుకుంటానంది. అతను సరేనన్నాడు గానీ ఆ మాట లోపలెక్కడో ముల్లులా దిగింది. వెనక్కి మారాక ఆమె మాటలు కూడా తగ్గాయి. రోగం ముదిరితే మనిషికి మనిషి మీద విసుగు పుడుతుందేమో, పుట్టనీ, ఏం చేస్తాం అనుకున్నాడు. ఖాళీ అయిన ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట తన పనిముట్ల సంచి పెట్టుకున్నాడు.

లైటు సంగతి మొదట ములకలపల్లి సెంటర్లో ఉన్న మెకానిక్‌కు చెప్పాడు. అతను బానెట్ ఎత్తి, నీళ్ల ట్యాంకులో గీతకు కాస్త కింద ఉన్న మట్టం చూసి, ఒక సీసా నీళ్లు పోసి పంపాడు. నాలుగు రోజులు లైటు రాలేదు. ఐదో రోజో ఆరో రోజో సారపాక దగ్గర లారీని తప్పించబోయి బండిని పక్కకు తిప్పితే టక్కున వెలిగి ఆరింది.

ఇట్లాంటి జబ్బు ధన్‌సింగ్‌కు కొత్త కాదు. తెగిపడ్డ తీగ కంటికి కనబడుతుంది, పోయి కలిపి రావచ్చు. గాలి వీచినప్పుడు కొమ్మకు తగిలి, గాలి ఆగగానే వదిలేసే తీగ ఉంటుంది చూశారా, అదే లైన్‌మన్ ప్రాణం తీసేది. పోయి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. అందుకే అతనికి తన వృత్తి మీదున్న నమ్మకంతో, ఇది నీళ్ల రోగం కాదు, వైరు రోగం అనిపించింది. ఎక్కడో లూజు కాంటాక్టు. ఒక ఆదివారం బానెట్ కింద తల దూర్చి, ట్యాంకుకు పోయే వైరును మొదటి నుంచి చివరిదాకా తడిమి చూశాడు. ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్ది, టేపు చుట్టి బిగించాడు. హేమ్లి వాకిట్లో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

"దొరికిందా?"

"ఇదే అయ్యుండాలె."

కాదు. మర్నాడే మళ్లీ వెలిగింది.

ఆ తర్వాత ప్రయాణాలు లైటుతో దోబూచులాటగా మారాయి. వెలిగి ఆరకపోతే అతను బండిని పక్కకు తీసి, ఇంజన్ చల్లారేదాకా ఆగి, మూత తిప్పి నీళ్లు పోసేవాడు. టేకు చెట్ల మధ్య ముసురులో తడుస్తూ నిలబడితే ఒళ్లంతా పచ్చి పుండులా సలిపేది. కారులో హేమ్లి కళ్లు మూసుకుని ఉండేది. ఒకసారి మాత్రం కళ్లు తెరవకుండానే అంది.

"డాక్టర్ చెప్పిండని నాకు గుక్కెడు నీళ్లకు లెక్క చెప్తవ్. దానికైతే సీసాలు సీసాలు పోస్తవ్."

అతనికి నవ్వొచ్చింది. ఆమె వైపు తిరిగి చూశాడు. ఆమె నవ్వలేదు, అప్పటికే మొహం అద్దం వైపు తిప్పుకుంది.

పాల్వంచలో దూలయ్య అనే మెకానిక్ ఉన్నాడు, ధన్‌సింగ్ కంటే చిన్నవాడు. భద్రాచలం పోయే దారిలోనే అతని షెడ్డు. దూలయ్య కూడా మొదట వైరునే అనుమానించి, ట్యాంకులో నీటి మట్టం చూసే సెన్సార్ మార్చాడు. లాభం లేకపోతే ట్యాంకు మూత మార్చాడు. రేడియేటర్, గొట్టాలు, పంపు అన్నీ టార్చి వేసి చూశాడు. ఎక్కడా తడి లేదు. ఇంట్లో బండి ఆపినప్పుడు కింద అట్ట ముక్క పరిచి పెట్టమన్నాడు. ధన్‌సింగ్ అట్లాగే చేశాడు. పొద్దున చూస్తే అట్ట ఎండుటాకులా ఉంది. నీళ్లు మాత్రం గోరంత గోరంతగా తగ్గుతూనే ఉన్నాయి.

ఆ అట్ట కబురు చెబుదామని భద్రాచలం నుంచి వస్తూ ఒక మధ్యాహ్నం షెడ్డు దగ్గర ఆగాడు. హేమ్లి వెనక సీట్లో ఒరిగి ఉంది. దూలయ్య బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి వేలి మీద రాసి చూశాడు. ఇంజన్ రేసు చేయించి పొగ చూశాడు. తర్వాత డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి వంగాడు.

"అన్నా, బండి లోపల తియ్యటి వాసన ఏమన్న వస్తదా?"

"లేదు," అన్నాడు ధన్‌సింగ్.

అడిగినవాడి నోట్లో మాట ఇంకా ఆరనే లేదు, అంత తొందరగా అన్నాడు.

వస్తోంది. నెలన్నర నుంచి వస్తోంది. ఎక్కువ మగ్గిన పండులాంటి, పాకంలాంటి వాసన. అద్దాలు మూసుకుని కూర్చున్న కాసేపటికి ముక్కుకు తగిలేది. మొదటి రోజే అతను అది హేమ్లి ఒంటి వాసన అనుకున్నాడు. ఒంట్లో చెడంతా మిషనుతో కడిగించుకుంటున్న మనిషి, వాసన రాదా మరి. ఇంట్లో గాలి ఆడుతుంది గనక తెలియడం లేదు, మూసిన బండిలో తెలుస్తోంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఈ జన్మలో ఈ మాట ఆమెతో అనకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. నిద్రొస్తోందని వంక చెప్పి వానలో కూడా తనవైపు అద్దం కాస్త దించేవాడు. అట్లాంటిది వెనక సీట్లో ఆమె వింటుండగా, పరాయి మనిషి ముందు ఔనని ఎట్లా అంటాడు.

దూలయ్య తల గోక్కున్నాడు. "వాసన లేదంటె, బయట లీకు లేదంటె, ఇగ ఇంజన్ లోపల్నే నీళ్లు తాగుతున్నట్టు లెక్క. ఇంజన్ మీది హెడ్డు ఇప్పాలె. వారం పది రోజులు బండి ఈడ్నే ఉండాలె."

"అన్ని రోజులు ఎట్ల కుదుర్తది? ఆమెను తీస్కపోవాలె గదా."

"తెలుసన్నా. కని రోడ్డు మీద హెడ్డు పోతె ఇంకా కష్టం. ఆలోచన చెయ్యి." లోపలికి పోయి సీలు తీయని డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. "ఉత్త నీళ్లు పొయ్యకు. తక్కువైతె ఈ కూలెంట్ పొయ్యి."

డబ్బా డిక్కీలో పెట్టుకుని ధన్‌సింగ్ బయల్దేరాడు. బస్సుల్లో హేమ్లిని మళ్లీ ఎట్లా తిప్పాలి, సెలవు ఎవరిని అడగాలి, అడిగితే వానాకాలంలో ఎవరిస్తారు, ఇవే బుర్రలో తిరుగుతున్నాయి. అడవి మొదలయ్యాక లైటు వెలిగింది. ఈసారి ఆరలేదు. వాగు మీది చిన్న మోరీ పక్కన బండి ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా మోరీ గోడ మీద కూర్చున్నాడు. సన్నగా తుంపర పడుతోంది. కీచురాళ్ల రొద తప్ప ఇంకేం లేదు.

హేమ్లి అద్దం దించింది.

"దూలయ్య వాసన సంగతి అడిగితె లేదంటివేంది?"

అతను చేతిలో గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. వేళ్లకు ఏమీ అంటలేదు.

"ఏం వాసన?"

"నీకు తెల్వదా?"

"తెల్వదు."

అప్పటిదాకా దవాఖానా అలవాటున తెలుగులో మాట్లాడిన మనిషి తమ ఇంటి భాష లంబాడీలోకి మారింది. చిన్న గొంతుతో, తీరిగ్గా, ఎప్పుడో అనుకుని పెట్టుకున్న మాటల్లా చెప్పింది.

"నాకు తెలుసు. వానలు పడ్డకాడి నుంచి వస్తంది. నా దగ్గర్నుంచే వస్తంది. దవాఖానల నా పక్క మంచం ఆమె కోడలు చెప్పింది, షుగర్ ముదిరి లోపల కుళ్లు పట్టినోళ్లకు తియ్యటి వాసన కొడ్తదట. రెండు పూటల తానం చేసిన. చీరెలు డెట్టాల్ల పిండిన. పౌడర్ కొట్టుకున్న. పోలేదు. గందుకే నీ పక్కన కూసోకుంట ఎనక్కి వచ్చిన."

ధన్‌సింగ్ గోడ మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"లాలి ఇంటికి గూడ పోతలేను గందుకే," అంది. లాలి ఆమె చెల్లెలు, పాల్వంచ అవతల తండాలో ఉంటుంది. "ఒక్క అర్ర ఇల్లు వాళ్లది. పిల్లలు ముక్కు మూసుకుంటె నేను యాడ మొకం పెట్టుకోవాలె."

"నాతోని చెప్పకపోతివి."

"నువ్వు చెప్పినవా? అద్దం దించినప్పుడే తెలిసింది, నీకు గూడ కొడ్తందని. నిద్రొస్తందంటివి. నీ నిద్ర నాకు తెల్వదా? నిద్రొస్తె నువ్వు చెవి పిసుక్కుంటవ్, అద్దం దించవు."

ఇన్నాళ్లూ ఆమె మనసు కష్టపెట్టకూడదని దాచాననే అనుకున్నాడు. దాచినదేదో దించిన అద్దంలోంచి ఆమెకు రోజూ తగులుతూనే ఉందన్నమాట.

"నాకూ వచ్చింది," అన్నాడు చివరికి. "ఏమని చెప్పాలె నీకు."

హేమ్లి తలాడించింది. కోపం లేదు ఆమె మొహంలో. కోపానికి కూడా కాస్త సత్తువ కావాలి. అద్దం మీద చెయ్యి ఆనించి అడవి వైపు చూసింది. మళ్లీ ఇటు తిరిగి అడిగింది.

"కని ఆయన బండి సంగతి అడిగిండు గద. బండికి తియ్యటి వాసన ఎందుకొస్తది?"

ధన్‌సింగ్ ఆమె వైపు చూశాడు. దూలయ్య అడిగినప్పుడు ఆ ప్రశ్న బండి గురించి అని అతనికి తట్టనే లేదు. డిక్కీ తెరిచి, ఆ డబ్బా సీలు కోసి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన పల్చగా ఉంది. కానీ అదే. పొరపాటు లేదు. మూత తెచ్చి కిటికీలోంచి ఆమెకు అందించాడు.

ఆమె వాసన చూసింది. మళ్లీ చూసింది.

అతను ముందు తలుపు తీసి పనిముట్ల సంచి బయట పెట్టాడు. సంచి అడుగు చెమ్మగా ఉంది. చాలా రోజుల నుంచి అట్లాగే ఉంటోంది, వాన తడి అనుకుంటూ వచ్చాడు. రబ్బరు మ్యాట్ లాగేసి, కింద పరిచిన మందపాటి గుడ్డను గోళ్లతో పైకి ఎత్తాడు. అది నీళ్లలో నానేసిన బొంతలా ఉంది. నొక్కితే వేళ్ల సందుల్లోంచి పచ్చటి నీళ్లు జిగటగా కారాయి. బండంతా ఆ వాసన గుప్పుమంది. రోజూ పొద్దున అద్దం లోపలివైపు పట్టే జిడ్డు ఆవిరి, తువ్వాలుతో ఎంత తుడిచినా పోనిది, అదీ ఇదేనని అప్పుడు అర్థమైంది. బయట చుక్క కారితే అట్ట మీద కనబడేది. ఇది లోపలికి కారుతోంది, ఇదివరకు ఆమె కాళ్లు పెట్టుకున్న చోటికి.

"ఇక్కడ కూసున్నప్పుడు నీ కాళ్లకు తడి తగల్లేదా?"

"నా కాళ్లకు ఏం తెలుస్తది," అంది హేమ్లి. షుగర్‌తో ఆమె పాదాలు మొద్దుబారి రెండేళ్లవుతోంది. ఒకసారి గాజుపెంకు దిగితే రక్తం చూశాకే తెలిసింది.

పచ్చగా మెరుస్తున్న చేతిని అతను కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. హేమ్లి ఆ వేళ్లను దగ్గరికి లాక్కుని వాసన చూసింది. సీటుకు తల ఆనించింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి ఆపేసింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. ధన్‌సింగ్‌కు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరో బరువు దించితే ఆ తర్వాత మెడ నొప్పి తెలుస్తుందే, అట్లా ఉంది. పోయి ట్యాంకులో డబ్బాలోని కూలెంట్ పోసి బానెట్ దించాడు.

"జల్దీ పోద్దాం పా," అంది ఆమె. "ఒళ్లు వణుకుతంది."

తర్వాతి ప్రయాణంలో పాల్వంచలో ఆగి చెప్పాడు. దూలయ్య తడి గుడ్డ చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, నేను అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"లేదంటివి గద మరి. ఇంజన్ ఇప్పుతుంటి నేను. వారం పది రోజులు బండి ఉత్తగనే ఈడ పడి ఉంటుండె."

"అవ్. నాదే తప్పు."

దూలయ్య వెనక సీట్లో ఉన్న మనిషిని చూసి గొంతు తగ్గించాడు. డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోసం చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుందని, ఇంజన్ నీళ్లు దాంట్లోంచి కూడా తిరుగుతాయని, దానికి చిల్లు పడితే నీళ్లు లోపల ఎడమవైపు కారతాయని చెప్పాడు. "మెల్లగ కారుడు కాబట్టి ట్యాంకుల నీళ్లు సెన్సార్ కాడికి వచ్చి ఆగినయ్. మలుపుల, ఎత్తుల నీళ్లు ఒక దిక్కు జరిగితె లైటు ఎలుగుతది. తిన్నగ పోతె ఆర్తది. సెన్సార్ పాపం సరిగనే చెప్పింది." ఈ ఎండల దేశంలో హీటర్ ఎవరికి కావాలని, ఆ చిన్న రేడియేటర్‌కు పోయే రెండు గొట్టాలనూ బయటే ఒకదానికొకటి కలిపి బిగించేశాడు. మధ్యాహ్నం వాళ్లు తిరిగొచ్చే దారిలో మళ్లీ ఆపించి, గొట్టం తడిమి చూసి పంపాడు.

తడి గుడ్డను ఊడదీసి ధన్‌సింగ్ ప్రహరీ గోడ మీద ఆరేశాడు. ముసురు పట్టిన రోజులు, అది ఆరడానికి చాలా కాలం పట్టింది. ఆరాక కూడా హేమ్లి కొన్నాళ్లు వెనకే కూర్చుంది. కాళ్లు చాపుకోవడం నిజంగానే బాగుందంది. అతను ఈసారి ఆ మాటను ఆ మాటగానే తీసుకున్నాడు. లైటు మళ్లీ రాలేదు. ఐనా చాలా రోజులు మలుపు వచ్చినప్పుడల్లా అతని చూపు అక్కడికే పోయేది.

బండి బాగైతే మనిషి బాగుపడదు. హేమ్లికి వంతెన మీద వికారం పుట్టడం ఆగలేదు, సూది పొడిచిన చేయి వాయడం ఆగలేదు. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టు ఉంటుందనేది. అవన్నీ ఆమెవే, బండివి కావు. గాలివానలు తగ్గలేదు. ధన్‌సింగ్ దవాఖానా బెంచీ మీద గోడకు తల ఆనించి, పేరు పిలిచేదాకా నిద్రపోయేవాడు. నర్సు భుజం తట్టి లేపితే, ఒక క్షణం తాను ఏ స్తంభం కింద ఉన్నాడో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం తిరిగొస్తుంటే, పాల్వంచ ఇంకా రాకముందే ఆమె అంది.

"లాలి ఇంటికి పోయొద్దాం."

"ఇప్పుడా? నీకు ఓపికుందా?"

"లేదు. ఎన్నడుంటది గనక."

అతను బండిని తండా మట్టిదారిలోకి తిప్పాడు. లాలి వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. కారు చూసి లేచింది కానీ ఎదురు రాలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్క మెల్లగా దిగడం చూస్తూ నిలబడింది.

"రోజు ఇటునుంచే పోతరు, ఇటునుంచే వస్తరు. ఒక్కనాడన్న అక్కకు చెల్లె యాదికి రాలే," అంది. "ఏం బావా, తొవ్వ మర్శినవా? నేనేం చేసిన మీకు?"

ధన్‌సింగ్ హేమ్లి వైపు చూశాడు. ఏం చెబుతుందో, ఎంత చెబుతుందో అతనికి తెలియలేదు.

"బండి ఖరాబుండె," అంది హేమ్లి. "మొన్ననే మంచిగైంది."

లాలి ఆ మాట నమ్మిందో లేదో గానీ దగ్గరికొచ్చి అక్క నడుం చుట్టూ చెయ్యి వేసి ఇంట్లోకి నడిపించింది. ఒక్క గదే. హేమ్లి గుమ్మం దగ్గర ఒక అడుగు ఆగి, తర్వాత లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. లాలి చిన్న కూతురు వచ్చి ఆమె ఒడిలో చేరింది. వాయని చేతితో ఆమె ఆ పిల్లను పొదువుకుంది.

బయట పందిరి కింద నులక మంచం ఉంది. చాయ్ పెడుతున్నాను, పోవద్దు అని లాలి లోపల్నుంచి చెబుతోంది. ధన్‌సింగ్ సరేనని మంచం మీద కూర్చున్నాడు, తర్వాత ఒరిగాడు. లోపల అక్కాచెల్లెళ్లు ఎవరి ఇంటి సంగతో మాట్లాడుకుంటున్నారు. కొంతసేపు హేమ్లి గొంతు వినబడింది, ఎవరి చేలో పత్తి ఎట్లుందో అడుగుతోంది. చాయ్ వచ్చేసరికి అతను నిద్రపోయాడు. లాలి గ్లాసు పట్టుకుని లేపబోతే, లేపకు, పండుకోనియ్ అని హేమ్లి లోపల్నుంచి చెప్పింది.